అరువు నాలుక

"మొదటి గుటకలో ఆపిల్ తీపి. అది నాలుక మీద కుదురుకునే లోపే కీరా వచ్చి దాన్ని పక్కకి జరిపేస్తుంది. గొంతు దిగేటప్పుడు మాత్రం కాస్త వగరు. ఆ వగరు పాలకూరది. భయపడకండి, మంచిదే."

చనిపోయిన మనిషి గొంతు గదిలో హాయిగా తిరుగుతోంది. టేబుల్ మీది స్పీకర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు డిటెక్టివ్. తెలిసినవాళ్ళంతా ఆయన్ని నిదానం అంటారు. రెండు రోజులుగా ఈ గొంతు నిదానం చెవుల్లో అద్దెకు దిగింది, ఖాళీ చెయ్యనంటోంది. పొద్దున పళ్ళు తోముకుంటుంటే టూత్‌పేస్టు గురించి కూడా ఆవిడే ఏదో చెబుతున్నట్టనిపించి, బ్రష్ నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆవిడ చేసిన పని అదే మరి. సీసాల్లో అమ్మే సేంద్రియ జ్యూసులు, టీలు, స్మూతీలు రుచి చూసి ఎలా ఉన్నాయో ఆన్‌లైన్లో చెప్పేది. మొహం ఎప్పుడూ చూపించలేదు, గొంతు మాత్రమే వినిపించేది. ఆవిడ బాగుందంటే షాపుల్లో సీసాలు మిగిలేవి కావు. బాగులేదంటే సీసాలే మిగిలేవి. సోమవారం మధ్యాహ్నం ఇదే గదిలో, ఇదే కుర్చీలో ఆకుపచ్చ స్మూతీ ఒకటి తాగి చనిపోయింది. నిలవ ఉన్న రికార్డింగులు మాత్రం రోజుకొకటి చొప్పున ఇంకా బయటికి వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు మోగుతున్నది ఈ రోజుది.

సింకు పక్కన స్టూలు మీద చెల్లెలు కూర్చుని ఉంది. అక్కకి కప్పులు అందించడం, కడగడం ఆమె పని. ముప్ఫై నిండలేదు గానీ ఈ నాలుగు రోజుల్లో మొహం పీక్కుపోయింది. నిదానం రికార్డింగ్ వింటున్నట్టే కూర్చున్నాడు, కళ్ళు మాత్రం ఆ అమ్మాయి పెదవుల మీద ఉన్నాయి.

తెలిసిన పాట వస్తుంటే ఎవరైనా పెదవులు కదుపుతారు. పాటతో పాటు కదుపుతారు, లేదంటే ఒక పిసరు వెనకబడతారు. ఈ అమ్మాయి పెదవులు ముందు కదులుతున్నాయి. ఆమె పెదవులు 'వగరు' అన్నాక అక్క గొంతు 'వగరు' అంటోంది. 

"డిటెక్టివ్ గారూ, ఒకసారి బయటికొస్తారా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. నలుగురిలో ఉంటే 'డిటెక్టివ్ గారు', 'మీరు'. గడప దాటితే 'బావా', 'నువ్వు'. ఆయన నిదానం భార్యకు సొంత తమ్ముడు. బావాబావమరుదులిద్దరికీ క్షణం పడదని అందరూ అంటారు, వాళ్ళూ కాదనరు.

వరండాలోకి రాగానే ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "భోజనాల వేళకి ఆ పిల్లని అరెస్టు చేసి తీసుకుపోతున్నాను బావా. నువ్వు అడ్డం పడినా లాభం లేదు."

"అడ్డం పడే ఓపిక నాకెక్కడిది? కేసు ఇంకోసారి చెప్పు, వింటాను."

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"నాకు మెల్లగా ఎక్కుతుందని మీ అక్క చెప్పలేదా?"

ఇన్‌స్పెక్టర్ పళ్ళు కొరికి మొదలుపెట్టాడు. "ఆ రోజు పన్నెండింటికి చెల్లెలు సీసా తీసి, కప్పులో పోసి, మూత పెట్టింది. చల్లగా ఉంటే రుచి తెలియదని ముందే పోసి ఉంచడం వీళ్ళ పద్ధతి. విషం ఆ కప్పులోనే ఉంది. కప్పు మీద అక్కవీ చెల్లెలివీ తప్ప ఎవరి వేలిముద్రలూ లేవు."

"మూత మీద?"

"మూత మీద ఏమీ లేవు."

"మూత పెట్టింది ఆ అమ్మాయే కదా. ఆమెవైనా ఉండాలి."

"తుడిచేసి ఉంటుంది."

"మూత తుడిచి, కప్పు మర్చిపోయిందా?"

"బావా, నన్ను చెప్పనిస్తావా? తర్వాత షాపుకి వెళ్ళానంది. షాపువాడు రాలేదన్నాడు. నాలుగింటికి ఇంటికొచ్చి, అక్క పడిపోయి ఉందని ఫోన్ చేసింది. ఏ తప్పూ చెయ్యని మనిషి అబద్ధం ఎందుకాడుతుంది?"

"అబద్ధం ఆడినవాళ్ళంతా హంతకులైతే మీ అక్క చేతిలో నాకు రోజుకో ఉరి పడాలి. లాబ్ వాళ్ళు ఆ విషం ఎలా ఉంటుందన్నారు?"

ఇన్‌స్పెక్టర్ చూపు పక్కకి తిప్పుకున్నాడు. "చేదన్నారు."

"ఎంత చేదు?"

"ఒక్క చుక్క తగిలితే పూటంతా నోరు కడుక్కోవాల్సినంత."

"మరి ఇన్ని లక్షల మంది నమ్మిన నాలుక అది. పాలకూర ఎంత ముదిరిందో కూడా చెప్పేది. అంత చేదు సగం కప్పు ఎలా మింగింది? చంటిపిల్ల కూడా ఉమ్మేస్తుంది కదరా."

"బలవంతంగా తాగించి ఉంటుంది."

"ఒంటి మీద గోటి గీతైనా లేదు. పైగా ఆఖరి రికార్డింగులో 'తియ్యగా ఉంది' అంటోంది."

ఆ ఆఖరి రికార్డింగ్ తెచ్చి ఇచ్చింది ఆవిడ భర్త. ఆవిడ మాట్లాడినవి కత్తిరించి, అతికించి, జనంలోకి వదిలేది ఆయనే. భార్య గొంతే ఆయన ఉద్యోగం. ఆ మధ్యాహ్నం రెండు వీధుల అవతల తన ఆఫీసులో ఉన్నానని చెప్పాడు. నిదానాన్ని ఈ కేసులోకి పిలిచింది కూడా ఆయనే. "మా మరదలు అలాంటిది కాదండీ, మీరే కాపాడాలి," అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇప్పుడు హాల్లో సోఫా అంచున కూర్చుని, రేపు వదలబోయే రికార్డింగును హెడ్‌ఫోన్లలో వింటున్నాడు.

"చేదు ఎలా మింగిందో ఆ పిల్లే స్టేషన్లో చెబుతుంది," అని ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. "భోజనం దాకా నీ ఇష్టం. తర్వాత నా ఇష్టం."

నిదానం మళ్ళీ గదిలోకి వెళ్ళి స్పీకర్ ఆపాడు. గొంతు ఆగిపోయాక గది ఇంకా ఇరుకైనట్టనిపించింది. చెల్లెలు తల తిప్పి అక్క కుర్చీ వైపు చూసింది, మధ్యలో ఎందుకు ఆపావు అని అడగబోతున్నట్టు.

ఆయన కుర్చీ చుట్టూ తిరిగాడు. రుచి చూసేవాళ్ళు మింగరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అన్ని రకాలు మింగితే పొట్ట చెరువవుతుంది. చప్పరించి, పక్కనున్న గిన్నెలో ఉమ్మి, గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించి, అప్పుడు తర్వాతి కప్పు అందుకుంటారు. అక్క కుర్చీ పక్కన ఆ గిన్నె ఉంది. తెల్ల ప్లాస్టిక్‌ది. నిదానం దాన్ని కిటికీ వెలుగులో పెట్టి తిప్పి చూశాడు. నిన్న కొన్నట్టుంది. రోజూ బీట్‌రూట్ పడే ప్లాస్టిక్ అంత తెల్లగా ఎలా ఉంటుంది?

సింకు దగ్గరికి వచ్చి, మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ వంగాడు. చెల్లెలి స్టూలు వెనక, పైపుల పక్కన ఇంకో గిన్నె ఉంది. అదీ తెల్లదే, ఒకప్పుడు. ఇప్పుడు అంచంతా టీ మరకలు, అడుగున బీట్‌రూట్ ఎరుపు, ఎంత తోమినా వదలని పసుపు. ఆయన దాన్ని ముట్టుకోకుండా లేచాడు.

కప్పు ఒకటి కడిగి, షెల్ఫ్ మీద మూత తీసి వదిలేసిన టీ సీసాలోంచి కాస్త ఒంపాడు. ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

"ఇది ఎలా ఉందో చెప్పమ్మా."

చెల్లెలు బెదిరింది. "నాకు రుచులు తెలియవు సార్. అవన్నీ అక్కకే. నేను కప్పులు కడిగేదాన్ని."

"టీ బాగుందో లేదో చెప్పడానికి పెద్ద చదువేం కావాలి? ఊరికే రెండు చుక్కలు."

కాదంటే అనుమానపడతారనుకుందేమో, కప్పు అందుకుని నోట్లో పోసుకుంది. నాలుగు రోజులుగా మూత లేని టీ అది. ఆమె మొహంలో ఏ మార్పూ రాలేదు. కుడికాలు మాత్రం వెనక్కి వెళ్ళి, పైపుల పక్కనున్న గిన్నెను మడమతో లాగింది. చూడకుండానే వంగి, గిన్నె మధ్యలోకి ఉమ్మింది. చెయ్యి తనంతట తనే గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు కోసం వెళ్ళింది. ఫ్లాస్కు అక్కడ లేదు, పోలీసులు తీసుకుపోయారు. ఖాళీ గాలిలో చెయ్యి ఆగిపోయాక గానీ తనేం చేసిందో ఆ అమ్మాయికి తెలియలేదు.

నిదానం తన కుర్చీని ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. "అక్కకి రుచి పోయి ఎన్నాళ్ళయిందమ్మా?"

ఆమె చేతిలోని కప్పు సింకులో పెట్టింది. తర్వాత కళ్ళు తుడుచుకోకుండానే చెప్పింది.

"పోయిన వానల్లో జ్వరం వచ్చింది సార్. జ్వరం తగ్గింది గానీ వాసనా రుచీ రెండూ పట్టుకుపోయింది. మంచి టీ పెట్టి ఇస్తే, 'వేడి నీళ్ళు ఇచ్చావేంటే' అంది. నేను నవ్వాను, వేళాకోళం అనుకుని. ఆ రోజంతా ఉప్పు, పంచదార, మిరియాలు మార్చి మార్చి నాలిక మీద వేసుకుంటూ కూర్చుంది. ఏదీ తెలియలేదు."

"అప్పటి నుంచి నువ్వు రుచి చూశావు."

"నేను చప్పరించి చెవిలో చెప్పేదాన్ని. అక్క గుక్క తాగి, అదే మాట అందంగా చెప్పేది. నాకు అంత అందంగా చెప్పడం రాదు. అక్కకి రుచి రాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషయ్యేవాళ్ళం." ఆమె అక్క కుర్చీ వైపు తిరిగింది. "ఇప్పుడు మంచినీళ్ళు తాగినా చెవిలో చెబుదామని పక్కకి తిరుగుతున్నాను సార్. అక్క అక్కడ ఉన్నట్టే ఉంటుంది. ఏంటో చెప్పవే, అన్నట్టే ఉంటుంది."

గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టర్ కూడా కదలలేదు. నిదానం ఆ ఖాళీ కుర్చీ వైపు చూడకుండా ఉండడానికి కష్టపడ్డాడు.

"సోమవారం ఎక్కడికి వెళ్ళావు?"

"ముక్కు డాక్టరు దగ్గరికి. అక్క పరీక్షలన్నీ నా పేరు మీదే చేయించాం, ఎవరికీ తెలియకూడదని. ఆ రోజు రిపోర్టు వస్తుందన్నారు." తల దించుకుంది. "ఇంక రాదన్నాడు సార్, రుచి. ఆ మాట అక్కకి ఎలా చెప్పాలో తెలియక రోడ్లు పట్టుకు తిరిగాను. ఎక్కడెక్కడ తిరిగానో నాకే తెలియదు. తిన్నగా ఇంటికొచ్చి ఉంటే..."

"ఇదంతా ముందే చెప్పొచ్చు కదా. జైల్లో పడేస్తామన్నా నోరు విప్పలేదేం?"

"అక్క పోయింది. పేరొక్కటే మిగిలింది. 'ఇన్నాళ్ళూ మోసం చేసింది' అని జనం నవ్వుకుంటే ఇంకేం మిగులుతుంది సార్? నాకేమైనా పరవాలేదనుకున్నాను."

నిదానం ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. చేదు ఎలా మింగిందో తేలిపోయింది కదా అన్నట్టు. ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా లోపలికి వచ్చాడు.

"థాంక్స్ డిటెక్టివ్ గారూ. కేసులో ఒక్క ముడే మిగిలింది, అదీ మీరే విప్పారు. ఆవిడకి రుచి తెలియదని తెలిసిన మనిషే ఆ విషం పోసి ఉండాలి. అది తెలిసింది ఈ లోకంలో ఈ పిల్లకొక్కదానికే. తిరిగిన రోడ్లకి సాక్ష్యమూ లేదు."

నిదానానికి మొహాన చన్నీళ్ళు కొట్టినట్టయింది. కాపాడదామని వచ్చి ఆ పిల్ల మెడకి తనే తాడు పేనాడు. బావమరిది అన్నదాంట్లో తప్పు లేదు, అదే ఆయన్ని ఇంకా కుంగదీసింది. చెల్లెలు అప్పటికే లేచి నిలబడింది, తీసుకువెళ్ళమన్నట్టు.

"ఒక్క మాటమ్మా," అన్నాడు. "నువ్వు చెవిలో చెప్పింది రికార్డు అవదా?"

"అవుతుంది. అక్క కూర్చుని నా గుసగుసలన్నీ తీసేసి, తర్వాత బావకి ఇచ్చేది. బావకి కూడా తెలియదు సార్."

"సోమవారం 'తియ్యగా ఉంది' అని ఎవరో చెవిలో చెబితేనే కదా అక్క అంది. ఆ గుసగుసని రికార్డర్‌లోంచి తియ్యడానికి అక్క లేదు. మరి మీ బావ తెచ్చి ఇచ్చిన రికార్డింగ్ అంత శుభ్రంగా ఎలా ఉంది?"

 ఆమె కళ్ళు ఒక్క క్షణం సింకు పైనున్న షెల్ఫ్ వైపు వెళ్ళి వచ్చాయి. కప్పుల వరస మధ్య అరచెయ్యంత జాగా ఖాళీగా ఉంది. నిదానం అక్కడ వేలు పెట్టాడు.

"ఇక్కడేముండేది?"

"పాత ఫోన్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అద్దం పగిలింది. కప్పు, ఫ్లాస్కు పట్టుకెళ్ళినప్పుడు అదీ పట్టుకెళ్ళాం."

చెల్లెలు ఒక్కసారిగా నిదానం చెయ్యి పట్టుకుంది. "దాన్ని వినకండి సార్, మీకు దండం పెడతాను. ఒకసారి రికార్డర్ మొరాయించింది. అప్పటి నుంచి ఆ ఫోన్లో కూడా రికార్డు పెట్టుకునేవాళ్ళం. తన మిషన్ని నమ్మలేదని బావ నొచ్చుకుంటాడని చెప్పలేదు. అందులో నా గుసగుసలన్నీ అలాగే ఉంటాయి. అందరూ వింటారు."

నిదానం ఇన్‌స్పెక్టర్‌ని చూశాడు. "విన్నావా దాన్ని?" 'మీరు' మర్చిపోయాడు.

"రికార్డర్‌లో ఉన్నదే అందులోనూ ఉంటుంది కదా. ఒకే పాట రెండుసార్లు వినడానికి నేనేమైనా ఖాళీగా ఉన్నానా?"

"వినకుండా ఒక మనిషి బతుకు తేల్చేస్తావా?"

"నీకు ప్రతిదీ నాలుగుసార్లు నమలాలి బావా. నమిలే లోపు దొంగ ఊరు దాటతాడు."

"నువ్వు నమలకుండా మింగేస్తావు. ఆవిడా అదే చేసింది, చూశావుగా."

ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. బయటికి కేకేసి, జీపులోంచి ఫోన్ ఉన్న సంచీ తెమ్మన్నాడు.

ఫోన్ టేబుల్ మీదికి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ చార్జర్ తగిలించి, పగిలిన అద్దం మీద వేలు జరిపి, ఆఖరి రికార్డింగ్ నొక్కాడు. ముందు కప్పుల చప్పుడు. కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత అక్క గొంతు. జనం ఎరిగిన గొంతు కాదు, ఇంట్లో మనుషులతో మాట్లాడే అలసిన గొంతు.

"ఇదే ఆఖరిది. ఆదివారం అందరికీ చెప్పేస్తాను. రుచి పోయిందనీ చెప్పేస్తాను, ఇన్నాళ్ళూ చెవిలో చెప్పింది ఎవరో కూడా చెప్పేస్తాను. ఇంక దాచలేను."

చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏ పరువు కోసం నాలుగు రోజులుగా నోరు కుట్టుకుని కూర్చుందో, ఆ పరువును అక్క తనంతట తనే వదులుకోబోయింది. ఆ సంగతి ఇప్పుడు తెలిసి ఆమె ఏడవడం కూడా మర్చిపోయింది.

ఫోన్లో చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గుసగుస.

"సరే. ఈ ఒక్కటీ కానివ్వు."

ఆ గుసగుసకి గొంతు లేదు. ఊపిరి మాత్రమే ఉంది. గది నాలుగు గోడల్లోంచీ వచ్చినట్టుంది. కప్పు లేచిన చప్పుడు, గుటక. మళ్ళీ గుసగుస.

"తియ్యగా ఉంది. వెనకాల పుదీనా."

వెంటనే అక్క అందమైన గొంతు అందుకుంది. "తియ్యగా ఉంది. వెనకాలే పుదీనా, మూసిన గదిలో కిటికీ తీసినట్టు."

"ఇంకాస్త తాగు. అడుగున తేనె తెలుస్తుంది."

ఇన్‌స్పెక్టర్ చెల్లెలి భుజం మీద చెయ్యి వేశాడు.

"నేను కాదు," అంది ఆమె. "సార్, అది నేను కాదు. నేను అసలు ఇంట్లోనే లేను."

"నువ్వు కాకపోతే ఇంకెవరే?"

అందరూ తిరిగి చూశారు. గుమ్మంలో భర్త. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. కళ్ళు తడిగా ఉన్నాయి. "హాల్లోకి అన్నీ వినిపించాయి. చెవిలో చెప్పేదాన్నని నీ నోటితోనే ఒప్పుకున్నావు కదా. అక్క నీకేం ద్రోహం చేసిందమ్మా? నీ కోసం నేను డిటెక్టివ్ గారి కాళ్ళు పట్టుకున్నానే."

"గుసగుసలో ఆడా మగా తెలియదండీ," అన్నాడు నిదానం, ఆయన్నే చూస్తూ. "అది ఎవరిదైనా కావచ్చు."

"నిజమే. అందుకే దాన్ని పట్టుకుని ఎవరినీ ఏమీ అనలేరు. ఆ అలవాటు ఎవరికుందో అందరికీ తెలుసు, అంతే." భర్త రెండడుగులు ముందుకు వేసి ఫోన్ వైపు చెయ్యి చాపాడు. "ఇంక ఆపేయండి. నా భార్య ప్రాణం పోవడం నేను వినలేను."

నిదానం ఎన్నడూ లేనంత త్వరగా కదిలాడు. ఫోన్ మీద తన అరచెయ్యి బోర్లించి, అలాగే ఉంచాడు. ఇన్‌స్పెక్టర్ నిదానం మొహంలోకి చూసి, ఏమనుకున్నాడో, భర్తకీ టేబుల్‌కీ మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

అరచేతి కింద పెద్ద గుటక వినిపించింది. కప్పు కింద పెట్టిన చప్పుడు. దగ్గు. మళ్ళీ దగ్గు. కుర్చీ కిర్రుమంది, ఎవరి వైపో తిరిగినట్టు. ఆ తర్వాత అక్క గొంతు, మెల్లగా, ఆశ్చర్యంగా, ఇంట్లో మాట్లాడే గొంతు.

"ఏమండీ, గొంతు ఇలా మండుతోందేంటి? మీరు తియ్యగా ఉందన్నారు కదా."